తమ చేతివాటం విషయమై

మహారాజశ్రీ కైరల్ అణువు గారికి, అంటే ఎడమ కుడి చేతుల్లా తన అద్దపు ప్రతిబింబంతో ఒదగని అణువు గారికి, నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నేను తమ సన్నిధిలోనే ఉన్న సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. నికెల్ మీద పలుచని బంగారు పూత పూసి, గంధకపు పట్టుతో, అలనైన్ అనే అమైనో ఆమ్లం గొలుసుకట్టిన తమ పాలీఅలనైన్ మెలికలను ఒక్క అణువు మందాన నిలబెట్టి, అడుగున అయస్కాంతం ఉంచి, పైనుంచి సూదిమొనతో కరెంటు కొలిచాను. ఎల్ రూపంలో అయస్కాంతం పైకి చూస్తున్నప్పుడు కరెంటు ఎక్కువ వచ్చింది. దాని అద్దపు ప్రతిబింబమైన డి రూపంలో ఇది తలకిందులు కావాలి. కాలేదు.

చేతివాటం అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి, తమకు రెండూ చెల్లుతాయి. ఎడమ, కుడి అన్న తేడా పుట్టుకతో వచ్చింది కనుక దాన్ని తప్పుపట్టను. కానీ దారిన పోయే ఎలక్ట్రాన్లలో ఒక రకం స్పిన్ (ఎలక్ట్రాన్‌కు పుట్టుకతో ఉండే చిట్టి అయస్కాంతపు దిశ) ఉన్నవాటిని నొక్కేసి, రెండో రకాన్ని మాత్రం గడప దాటించడాన్ని ఏమనాలి?

పొర చెదిరిందనో, నికెల్‌కు ఆక్సైడ్ పట్టిందనో నన్ను నేను తిట్టుకోవడానికి అభ్యంతరం లేదు. అయితే రెండు కొలతల్లో ఏది తప్పో తేల్చాలంటే ఎల్ రూపం అసలు ఏ గుర్తుతో, ఎంత మేరకు స్పందించాలో చెప్పే సిద్ధాంతం కావాలి. అదే ఇంకా తేలలేదు. 1999లో రాన్ నామన్, డేవిడ్ వాల్డెక్‌ల బృందం తమ పక్షపాతాన్ని బయటపెట్టింది. 2011లో బంగారం మీద నిలబెట్టిన జంటపోగుల డీఎన్ఏ, గది ఉష్ణోగ్రత దగ్గరే, 60 శాతం దాకా స్పిన్ ధ్రువణం, అంటే ఒకే రకం స్పిన్ వైపు మొగ్గు, చూపింది. తమ ఒంట్లో ఉన్నదేమో కార్బన్, నైట్రోజన్ వంటి తేలిక పరమాణువులు. కార్బన్‌లో స్పిన్‌కూ కక్ష్యకూ మధ్య బంధం కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు (శక్తికి ఒక చిన్న కొలమానం) మాత్రమే, అదే కొలతలో గది వెచ్చదనపు శక్తే సుమారు 25. గోరంత కారణానికి కొండంత ఫలితమేమిటని అడిగితే ఒకరు బంగారం వల్ల అంటారు, ఒకరు అణువు కంపనాల వల్ల అంటారు, ఇంకొకరు ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ వల్ల అంటారు. అది చాలదన్నట్లు, రెండే కొనలున్న పరికరంలో, తక్కువ వోల్టేజీ దగ్గర, అయస్కాంతాన్ని తిప్పినంత మాత్రాన వాహకత మారరాదని ఉష్ణగతిక శాస్త్రంలోని ఆన్సాగర్ సూత్రాలు చెబుతుంటే, మారిందన్న కొలతలు వస్తూనే ఉన్నాయి. పాతికేళ్ళు దాటాయండీ! ఎలా చేశాడో ఒప్పుకోని దొంగ ఎక్కడైనా ఉంటాడు, ఎలా చేశాడో పట్టుకున్నవారికి కూడా అంతుపట్టని దొంగ తమరొక్కరే.

తమ పొర పూసిన ఎలక్ట్రోడ్‌తో నీటిని విడగొడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ తగ్గుతుందనీ, 2018లో ఒట్టి అయస్కాంతపు ఉపరితలమే తమ ఎడమ కుడి రూపాలను వేరు చేయగలిగిందనీ చదివినప్పుడల్లా కోపం కొంత చల్లారుతుంది. అది నా బలహీనత. పనికిరాని అణువైతే ఈపాటికి పారబోసి ఉండేవాడిని.

రాత్రి వెళ్ళే ముందు కొత్త నికెల్ ముక్కను తమ డి ద్రావణంలో ముంచి వచ్చాను. సగం దారిలో గుర్తొచ్చింది, సీసాల మీది ఎల్, డి చీటీలు రెండూ నా చేతిరాతేనని. దయచేసి ఈ ఒక్క విషయంలో నన్ను అనుమానించుకోనీయకండి.

ఇట్లు,
అద్దం ముందు నిలబడి మోసపోయిన తమ విధేయుడు