డ్యూటీ వేళకే పుట్టే మనుషులు

అమెరికాలో మన తెలుగువారి విందుల్లో పైలట్ల ప్రస్తావన వస్తే చాలు, "వాళ్లకేమండీ, ఎక్కడికైనా ఉచితంగా ఎగిరిపోతారు" అని ఎవరో ఒకరు గారె కొరుకుతూ తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పును నేను సవినయంగా సమర్థిస్తున్నాను. నిజమే, ఎగిరిపోతారు. ఫ్లోరిడాలోని టాంపాలో కాపురమూ, న్యూయార్కులో కొలువూ ఉన్న పైలట్, తన విమానం నడపడానికి ముందుగా మరొకరు నడిపే విమానంలో దాదాపు వెయ్యి మైళ్లు ఉచితంగానే వెళ్తాడు. అదీ సీటు దొరికితే. ఈ ప్రయాణానికి జీతం లేదు, ఇది డ్యూటీ కిందికి రాదు, విమానయాన సంస్థ లెక్కల్లో అసలు జరగనే లేదు.

ఆ లెక్కల ప్రకారం పైలట్ అనే జీవి, రిపోర్టు చేయవలసిన నిమిషానికి, ఇస్త్రీ చొక్కాతో, కంటినిండా నిద్రపోయి, బేసు, అంటే డ్యూటీ మొదలై ముగియడానికి సంస్థ కేటాయించిన ఊరు, ఉన్న విమానాశ్రయంలోనే పుడతాడు. డ్యూటీ ముగియగానే గాలిలో కలిసిపోతాడు. ఆ రెంటి మధ్యా ఆయనకు ఇల్లూ, ఇంటి అప్పూ, పిల్లల బడీ ఉంటే అది ఆయన సొంత గొడవ. బేసు ఎక్కడ తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఏ రకం విమానాన్ని ఏ ఊరి నుంచి తిప్పాలో సంస్థ తేలుస్తుంది. తేల్చాక, ఆ రాత్రి ఏ ఊళ్లో ఎవరి మంచం మీద పడుకోవాలన్న నిర్ణయాన్ని మాత్రం ఉదారంగా పైలట్‌కే వదిలేస్తుంది.

ఈ స్వేచ్ఛకు రెండు దారులున్నాయి. మొదటిది, నడుపుతున్న విమానాన్నే నమ్ముకుని దూరపు బేసుకు రాకపోకలు సాగించడం. రెండోది, ఇంటి దగ్గరి బేసులో ఏ రకం విమానం ఉంటే దానికి మారిపోవడం. ఒక్క బోయింగ్ 737లనే నడిపే సౌత్‌వెస్ట్‌లో ఈ రెండో ఆలోచనకు చోటే లేదు. తక్కిన పెద్ద సంస్థల పైలట్లు మాత్రం భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని, వధూవరుల జాతకాలు చూసే సిద్ధాంతికి కూడా రానంత తలనొప్పితో ఇంటికీ విమానానికీ పొంతన చూస్తుంటారు. పెద్ద విమానానికి గంట జీతం ఎక్కువ. ఇంటి దగ్గరి చిన్న విమానానికి మారితే జీతం తగ్గుతుంది, రోజుకు మూడు నాలుగు సార్లు ఎక్కి దిగాలి, ఒక్కోసారి కెప్టెన్ కుర్చీ వదులుకుని మళ్లీ ఫస్ట్ ఆఫీసరుగా, అంటే రెండో పైలట్‌గా, కూర్చోవాలి. సంస్థలో చేరిన వరుసను బట్టి వచ్చే సీనియారిటీ సంఖ్య మారదు గానీ దాని విలువ బేసును బట్టీ విమానాన్ని బట్టీ మారిపోతుంది. ఒకచోట క్రిస్మస్ సెలవులు ఏరుకునే పెద్దమనిషి, మరోచోట రిజర్వు జాబితాలో పడి ఎప్పుడు పిలుస్తారోనని ఫోను చేతిలో పట్టుకుని స్నానానికి వెళ్తాడు. పోనీ సంస్థే మారదామంటే ఇరవై ఏళ్ల అనుభవమున్నవాడైనా వరుసలో అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. ఆ వరుస కదలాలంటే పైనున్నవారికి చట్టం విధించిన విరమణ వయసు, 65 ఏళ్లు, నిండాలి. సహోద్యోగుల పుట్టినరోజులను ఇంత ఆత్మీయంగా గుర్తుపెట్టుకునే వృత్తి మరొకటి లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఖండాలు దాటే పెద్ద విమానం నడిపేవారికి నెలకు మూడు నాలుగు ట్రిప్పులతో పని అయిపోతుంది కనుక, బేసు వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నా అన్నిసార్లే వెళ్లిరావాలి. చిన్న విమానం వారి సంగతి అది కాదు. పొద్దున్న ఆరింటి డ్యూటీకి ముందురోజు సాయంత్రమే బేసు చేరాలి, రాత్రి పదకొండుకు డ్యూటీ దిగితే ఇంటికి విమానం మర్నాడే, దాంతో నాలుగు రోజుల ట్రిప్పు ఆరు రోజులవుతుంది. ఆ అదనపు రాత్రుల కోసం న్యూయార్కులోని క్యూ గార్డెన్స్ వంటి పేటల్లో క్రాష్‌ప్యాడ్‌లనే ఉమ్మడి అద్దె బసలు వెలిశాయి. ఒక గదిలో రెండంతస్తుల మంచాలు, ఫ్రిజ్‌లో పేరు రాసి అంటించిన పాలడబ్బాలు. అద్దె తక్కువ కావాలంటే ఎవరి మంచమూ ఎవరిదీ కాదు, ఖాళీగా ఉన్నదాని మీద సొంత దుప్పటి పరుచుకోవడమే. వందలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకునే మనిషికి ఆ ముందురాత్రి ఇంతకన్నా ఏం కావాలి?

నాకు మాత్రం ఎంతసేపు తలచుకున్నా తనివి తీరనిది గేటు దగ్గరి దృశ్యం. భుజాల మీద నాలుగు పట్టీలున్న కెప్టెన్‌గారు, గాజు తలుపు అవతల నిలబడి ఉన్న విమానాన్ని కళ్లు మూసుకుని నడపగల అర్హతలన్నీ ఉన్నవారు, గేటు ఏజెంటు ముందు చేతులు కట్టుకుని సీటు కోసం నిలబడి ఉంటారు. ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి, "మా పైలట్ మీరేనా బాబూ?" అని అడుగుతుంది. "కాదమ్మా, నేను స్టాండ్‌బై" అంటారాయన. ఆవిడ అనుమానంగా చూసి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. న్యూయార్కులో ఉరుములు, మెరుపులు; ఇంధనం ఎక్కువ నింపాలి కనుక బరువు తగ్గించడానికి కొన్ని సీట్లు ఖాళీగానే పంపుతారట. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక మడతపెట్టి ఉండే జంప్‌సీటు ఒకటుంది, అయితే దానికి ముందే ఇంకొకరు పేరు రాయించుకున్నారు. రెండో విమానం ఆలస్యం. మూడోదానిలో ఎట్టకేలకు జంప్‌సీటు దక్కుతుంది. మోకాళ్లు ముడుచుకుని అందులో ఇరుక్కున్నాక తెలుస్తుంది, ఆ విమానం నడుపుతున్న కెప్టెన్ ఇల్లు డెన్వరులో ఉందనీ, ఆయన నిన్ననే మరొకరి జంప్‌సీటులో ఇటు వచ్చాడనీ. డెన్వరు బేసులో పనిచేసే మరో పైలట్ ఇల్లు టాంపాలో ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఒకరి ఊళ్లో ఒకరు కొలువు చేస్తూ, ఒకరినొకరు మోసుకుంటూ దేశమంతా తిరుగుతున్నారు. అక్కడ న్యూయార్కులో ఆయన నడపవలసిన విమానం ప్రయాణికులు "సిబ్బంది ఇంకా రాలేదట" అని విసుక్కుంటూ ఉంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలోని బఫెలో దగ్గర కాల్గన్ ఎయిర్ సంస్థ విమానం, ఫ్లైట్ 3407, ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలోని 49 మందీ, ఆ ఇంట్లోని ఒకరూ చనిపోయారు. సిబ్బంది బేసు న్యూయార్కు పక్కనున్న నెవార్కు. కెప్టెన్ ఇల్లు టాంపా దగ్గర. ఫస్ట్ ఆఫీసర్ ఇల్లు దేశానికి ఆ చివర, సియాటిల్ దగ్గర. ఆమె ముందురాత్రంతా సరుకు విమానాల్లో మెంఫిస్ మీదుగా ప్రయాణించి ఆ ఉదయమే నెవార్కు చేరింది. పగలు నడుం వాల్చింది సిబ్బంది గదిలో. జలుబుతో ఉంది. సెలవు పెడితే తగ్గేదాకా హోటలు ఖర్చు తానే పెట్టుకోవాలని ఆమె అన్న మాట కాక్‌పిట్ రికార్డరులో ఉంది. నెవార్కు బేసులోని ఆ సంస్థ పైలట్లు 137 మందిలో 93 మంది ఇలా దూరం నుంచి వచ్చిపోయేవారేనని దర్యాప్తులో తేలింది. యంత్రం ఇచ్చిన హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించాడన్నారు, అది నిజమే. ఇద్దరి పనితీరునూ అలసట దెబ్బతీసి ఉంటుందని కూడా దర్యాప్తు బోర్డు ఒప్పుకుంది. అయినా దాన్ని ప్రమాద కారణాల్లో చేర్చాలన్న ఆ బోర్డు అప్పటి అధ్యక్షురాలు డెబొరా హెర్స్‌మన్ మాట నెగ్గలేదు. 137లో 93 మంది! మూడింట రెండు వంతుల మంది ఒకేసారి తమ సొంత సరదా కొద్దీ నిద్ర మానుకున్నారా? ఆ బేసును అక్కడ పెట్టినదెవరు? ఆ ఊరి అద్దెలు కట్టలేని జీతాలిచ్చినదెవరు? జలుబు చేసిన పిల్ల తలదాచుకోవడానికి ఒక గది ఇవ్వడం చేతకాని సంస్థ, సిబ్బంది గదిలో రాత్రులు నిద్రపోకూడదని నిబంధన మాత్రం రాసి పెట్టుకుంది.

ఆ తరువాత అమెరికా కాంగ్రెసు చట్టం చేసి, పైలట్ల రాకపోకల మీద అధ్యయనం జరిపించింది. 2011లో నిపుణుల నివేదిక వచ్చింది, నియంత్రించడానికి తగిన సమాచారం లేదని దాని సారాంశం. 2014 జనవరిలో అమలైన కొత్త నిబంధనలు డ్యూటీకి ముందు పది గంటల విరామం, అందులో ఎనిమిది గంటల నిద్రకు వీలు ఉండాలన్నాయి. సరుకు విమానాలకు వాటి నుంచి మినహాయింపు, బహుశా పెట్టెలకు చావు భయం ఉండదు కనుక. ఇక ఆ పది గంటల్లో టాంపా నుంచి న్యూయార్కు రావడం పైలట్ సొంత పని. విమానం కదిలే ముందు తాను డ్యూటీకి తగిన స్థితిలో ఉన్నానని ఆయనే ధ్రువీకరించాలి, ఆ ధ్రువీకరణతో పై వారందరి బాధ్యతా తీరిపోతుంది.

అంత ఆలోచించాక కొందరు ఇల్లే మేలనుకుని రకం మార్చుకుంటారు. రెండు నెలల శిక్షణ, సిమ్యులేటరు పరీక్షలు, తగ్గిన జీతం అన్నీ భరించి ఇంటి దగ్గరి విమానం ఎక్కుతారు. ఆ విమానం అక్కడే ఉంటుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వరు. 2020లో డెల్టా తన 777లనూ, అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన 757, 767లనూ ఒక్కసారిగా పక్కన పెట్టేసినప్పుడు, వాటిని నడిపేవారు వేరే విమానమో వేరే బేసో వెతుక్కోవలసి వచ్చింది. అప్పుడు కూడా ఎంపిక పత్రం పంపారు. ఏ గడిలో టిక్కు పెట్టుకోవాలన్నది పూర్తిగా వారి ఇష్టం.