లెటర్ తిప్పి పంపగల డీజీపీ కావాలి

డీజీపీ మారే సమయం దగ్గరపడిందంటే చాలు, ఎవరు సీనియర్, ఎవరిది ఏ బ్యాచ్, ముఖ్యమంత్రి దగ్గర ఎవరికి చనువు అన్న లెక్కలు బయలుదేరతాయి. కులం లెక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ సందడిలో ఎప్పుడూ వినపడని ప్రశ్న ఒకటుంది: ఫలానా అధికారి డీజీపీ అయితే మండల కేంద్రంలోని స్టేషన్‌కు ఎస్సైని వేసేది ఎవరు? అర్హతను తేల్చే ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం. ఎమ్మెల్యే సిఫార్సు లెటర్‌తో నిమిత్తం లేకుండా ఎస్‌హెచ్‌వోలను (స్టేషన్ అధిపతులను) నియమిస్తానని, కారణం లేకుండా రెండేళ్ల లోపు కదపనని కాగితం మీద రాసిచ్చి నిలబడగల అధికారి ఉంటే, ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ అయినా, బ్యాచ్ ఏదైనా, మా మద్దతు ఆ అధికారికే.

లెటర్ ఎలా పనిచేస్తుందో శాఖలో హోంగార్డును అడిగినా చెబుతాడు. స్టేషన్ ఖాళీ అవుతోందని తెలియగానే ఆశపడే ఎస్సై ముందుగా వెళ్లేది స్థానిక ఎమ్మెల్యే ఇంటికి. అక్కడ గెలిచింది ప్రతిపక్షమైతే అధికార పార్టీ నియోజకవర్గ ఇన్‌ఛార్జి ఇంటికి. లెటర్‌హెడ్ మీద రెండు మూడు వాక్యాలు రాయించుకుంటే అది ఎస్సై విషయంలో ఎస్పీకో రేంజ్ డీఐజీకో, సీఐ విషయంలో డీఐజీకో ఐజీకో, డీఎస్పీ అయితే ఇంకా పైకీ చేరుతుంది. ఉత్తర్వు మాత్రం పోలీసు అధికారి సంతకంతోనే వస్తుంది, ‘పరిపాలనా కారణాల రీత్యా’ అన్న మాటతో. ఆ మూడు పదాల వెనక ఏ కారణమైనా దాక్కోగలదు.

అలా కుర్చీ ఎక్కిన ఎస్‌హెచ్‌వోకు ఎవరి మాట వినాలో వేరే చెప్పాల్సిన పనిలేదు. ఏ ఇసుక ట్రాక్టరును ఆపాలి, దేన్ని వదలాలి, ఏ భూతగాదాను స్టేషన్‌లో కూర్చోబెట్టి ‘సెటిల్’ చేయాలి, ఎవరి ఫిర్యాదుకు వెంటనే కౌంటర్ కేసు కట్టాలి అన్నీ ఫోన్లో తేలిపోతాయి. ఎస్పీ మెమో ఇచ్చినా పెద్దగా చలించడు. అతనికంటే ముందు ఆ ఎస్పీయే బదిలీ కావచ్చు. మాట వినని ఎస్సైకి వీఆర్ ఉండనే ఉంది. వేకెన్సీ రిజర్వ్‌లో పోస్టింగ్ లేకుండా నెలల తరబడి కూర్చోబెడితే ఆ ఒక్కడికే కాదు, పక్క స్టేషన్లలోని పదిమందికీ పాఠం అందుతుంది. పోస్టింగుకు రేటు కూడా ఉంటుందన్న ఆరోపణ కొత్తది కాదు. అది నిజమైన చోట ఆ సొమ్ము చివరికి రాబట్టుకునేది ఫిర్యాదు పట్టుకుని వచ్చినవాడి దగ్గరే.

ఇది ఇలా జరగకూడదని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. మాజీ డీజీపీ ఒకరు 1996లో వేసిన పిటిషన్ అది. తేలడానికే పదేళ్లు పట్టింది. ఏడు ఆదేశాల్లో ఒకటి పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు. డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులు అందులో ఉంటారు. డీఎస్పీ, ఆ కింది స్థాయి బదిలీలు, పోస్టింగులు, పదోన్నతులు ఆ బోర్డే తేల్చాలి. ఎస్పీ, ఆ పైవారి విషయంలో ప్రభుత్వానికి సిఫార్సు చేయాలి. బోర్డు నిర్ణయాన్ని ప్రభుత్వం మార్చాలంటే అది అసాధారణ సందర్భమై ఉండాలి, కారణం రాయాలి. ఎస్పీకి, ఎస్‌హెచ్‌వోకు కనీసం రెండేళ్ల పదవీకాలం కూడా ఆ తీర్పు ఇచ్చిందే. మరి లోపం ఎక్కడ? బోర్డు ఉన్నా దాని ముందుకు వచ్చేది అప్పటికే సిద్ధమైన జాబితా. సంతకాలు ఐదు, నిర్ణయం ఎక్కడో బయట.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, డీజీపీ తలచుకుంటే చాలు. ఏ స్టేషన్ ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే ప్రకటించాలి. దర్యాప్తు అనుభవం, కోర్టులో నిలిచిన కేసులు, పెండింగ్ శాఖాపరమైన విచారణలు చూసి ఎస్‌హెచ్‌వో పోస్టుకు అర్హుల జాబితా తయారు చేయాలి. రెండేళ్ల లోపు ఎవరినైనా కదిపితే కారణాన్ని ఉత్తర్వులోనే రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. వచ్చిన ప్రతి సిఫార్సు లేఖనూ రిజిస్టరులో నమోదు చేసి, ఆ అధికారి సర్వీసు ఫైలులో చేర్చాలి. రాజకీయ ఒత్తిడి తేవడాన్ని ప్రవర్తనా నియమావళి ఎలాగూ నిషేధిస్తోంది. లెటర్ తెచ్చుకుంటే ఫైలులో మచ్చ పడుతుందని తెలిస్తే ఎమ్మెల్యే ఇంటి ముందు క్యూ దానంతటదే పలచబడుతుంది.

అయితే లెటర్ తిప్పి పంపాలంటే డీజీపీ కుర్చీ కూడా గట్టిగా ఉండాలి. 2018 జులై 3న సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి స్పష్టంగానే ఉంది: ఖాళీకి మూడు నెలల ముందే రాష్ట్రం పేర్లు యూపీఎస్సీకి పంపాలి, అక్కడి నుంచి వచ్చే ముగ్గురి ప్యానెల్‌లో ఒకరిని ఎంచుకోవాలి, తాత్కాలిక డీజీపీ అన్న ఆలోచనే ఉండకూడదు. 2019 మార్చిలో మరో మెలిక విప్పింది: కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలున్నవారినే పరిశీలించాలి. ఇంత చెప్పాక కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి 2024 ఎన్నికల దాకా ‘పూర్తి అదనపు బాధ్యతల’ డీజీపీతోనే నడిపించారు. తెలంగాణలోనూ 2022 డిసెంబరు చివర్లో అదే మాటతో ఉత్తర్వు వచ్చింది. పూర్తి అదనపు బాధ్యతలంటే రెండేళ్ల రక్షణ లేదని అర్థం. ఒక్క వాక్యంతో తీసేయవచ్చు. 2023 డిసెంబరు 3న తెలంగాణలో ఓట్ల లెక్కింపు ఇంకా పూర్తికాకముందే అప్పటి డీజీపీ గెలుపు దిశగా ఉన్న పార్టీ రాష్ట్ర అధ్యక్షుణ్ని ఇంటికెళ్లి కలిశారు. ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది, తర్వాత ఎత్తేసింది. ఆ ఒక్క అధికారినీ తప్పుపట్టి ఊరుకుంటే లాభం లేదు. పదవి ఎవరి దయ మీద ఉందో ఆ ఇంటికే కాళ్లు వెళతాయి.

మేం సమర్థించే అభ్యర్థి రెండో రోజు నుంచే తేల్చుకోవాల్సింది ఎఫ్ఐఆర్ సంగతి. విచారణార్హమైన నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితాకుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో పంపిన సమాచారానికి మూడు రోజుల్లో సంతకం తీసుకుని నమోదు చేయాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. ఈ వెసులుబాటు కాస్తా ‘పద్నాలుగు రోజులాగి రా’ అనే కొత్త సాకుగా మారే ప్రమాదం ఉంది. డీఎస్పీ అనుమతి రాతపూర్వకంగా జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రికార్డులో) ఎక్కిందా లేదా అన్నది ప్రతి నెలా తనిఖీ చేయకపోతే మారుతుంది కూడా.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. నెలవారీ క్రైమ్ మీటింగులో ఎస్పీ అడిగే మొదటి ప్రశ్న ‘నీ దగ్గర చోరీలు ఎందుకు పెరిగాయి?’ అనే. డిసెంబరు చివర్లో డీజీపీ వార్షిక నివేదిక చదవగానే ‘నేరాలు పెరిగాయి’ అని శీర్షికలు, మరునాడు ప్రతిపక్షం ప్రకటన. అంకె పెరగకూడదంటే స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌కు తెలిసిన మార్గం ఒకటే: కాగితం తీసుకుని రసీదు ఇవ్వకపోవడం. కాబట్టి సంస్కరణ నిజంగా మొదలైతే తొలి ఏడాది నేరాల సంఖ్య పెరుగుతుంది. ఆ మాట ముందే ప్రజలకు చెప్పి, ఆ అంకెను చూసి ఎస్‌హెచ్‌వోను తిట్టనని జిల్లాలకు సర్క్యులర్ ఇచ్చే ధైర్యం కావాలి.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన హత్యాచార ఘోరాన్ని ఎవరూ మరిచిపోలేదు. ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కు వెళితే పరిధి గొడవతో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. పది రోజులు తిరక్కుండానే, డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఫిర్యాదు సమయానికి తీసుకోని స్టేషన్‌ను మరచిపోవడానికి ఆ పూలు బాగా పనికొచ్చాయి. చప్పట్లు కొట్టే జనం ముందు నిలబడి ‘దర్యాప్తు చేసి కోర్టులో శిక్ష వేయిస్తాం’ అని చెప్పగల అధికారి మాకు కావాలి. ఓట్లు తెచ్చే మాట కాదని తెలుసు. డీజీపీకి ఓట్లతో పనేమిటి?

లాకప్ సంగతికొస్తే, పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ప్రతి స్టేషన్‌లో ప్రవేశద్వారం నుంచి లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, వెనక పెరడు దాకా రాత్రిపూట కనిపించే, మాట వినిపించే సీసీ కెమెరాలు పెట్టమంది. రికార్డింగు 18 నెలలు ఉండాలంది. లెక్క వేసి చూడండి. ఒక్కో కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రికార్డు చేస్తే రోజుకు దాదాపు 11 జీబీ. 15 కెమెరాలకు రోజుకు 162 జీబీ, 18 నెలలకు దాదాపు 89 టెరాబైట్లు. 8 టెరాబైట్ల డిస్కు ఉన్న డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) అయితే 50 రోజులకే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. కస్టడీలో దెబ్బలు తిన్నవాడు బెయిల్‌పై వచ్చి, వకీలును పట్టుకుని, ఫుటేజీ కోసం కోర్టుకెక్కేసరికి ఏమీ మిగలదు. కెమెరా పనిచేయకపోతే పైకి తెలియజేయాల్సిన బాధ్యత ఎస్‌హెచ్‌వోదే. ‘రిపేరులో ఉంది’ అన్న జవాబుకు తేదీ, కంప్లయింట్ నంబరు అడిగే డీజీపీ వస్తే ఆ రిపేర్లు సగం తగ్గుతాయి.

డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు. తెలంగాణ ఏర్పడిన కొత్తలో స్టేషన్ ఖర్చులకు నగరంలో నెలకు రూ.75 వేలు, జిల్లా కేంద్రాల్లో రూ.50 వేలు, గ్రామీణ స్టేషన్లకు రూ.25 వేలు ప్రకటించారు. మంచి నిర్ణయం. అలాంటి నిధి ప్రతి నెలా మొదటి వారంలో ఖాతాలో పడాలి. పడకపోతే అనాథ శవాన్ని మార్చురీకి తరలించడానికి, నిందితుణ్ని కోర్టుకు తీసుకెళ్లడానికి, జీపు డీజిల్‌కు, చివరికి తెల్లకాగితాలకు కూడా ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఇసుక కాంట్రాక్టరో బార్ యజమానో పెడితే దాని పేరే మామూలు.

ఎన్నికైన ఎమ్మెల్యేకు తన నియోజకవర్గ పోలీసుపై మాట చెల్లకూడదా అని అడిగేవారున్నారు. చెల్లాలి, అసెంబ్లీలో. ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పిన, ప్రతిపక్ష నేతకూ చోటుండాల్సిన రాష్ట్ర భద్రతా కమిషన్‌లో. డీఎస్పీ వరకు సిబ్బందిపై ఫిర్యాదులు వినాల్సిన జిల్లా పోలీసు ఫిర్యాదుల సంస్థ ముందు. అసలు పోలీసు అధిపతినే అమెరికాలోలా ఎన్నుకుంటే పోలేదా అనే వాదనా వింటున్నాం. లాస్ ఏంజిలిస్ కౌంటీ షెరీఫ్ లీ బాకా 1998 నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచారు. జైలులో ఖైదీలపై దౌర్జన్యాల మీద ఎఫ్‌బీఐ జరిపిన దర్యాప్తును అడ్డుకున్నందుకు 2017లో దోషిగా తేలి మూడేళ్ల శిక్ష పడింది. చివరికి 2022 నవంబరులో అక్కడి ఓటర్లే, ఎన్నికైన షెరీఫ్‌ను సైతం ఐదింట నాలుగొంతుల మెజారిటీతో తొలగించే అధికారాన్ని కౌంటీ బోర్డుకు కట్టబెట్టారు.

యూపీఎస్సీ నుంచి మూడు పేర్లు వచ్చిన రోజున ముఖ్యమంత్రి ఆ ముగ్గురినీ పిలిచి మూడు ప్రశ్నలు వేయాలి. బోర్డు ముందుకు వచ్చే జాబితాను ఎవరు తయారు చేస్తారు? ఎఫ్ఐఆర్‌ల సంఖ్య పెరిగితే ఏం చేస్తారు? నా పార్టీ ఎమ్మెల్యే లెటర్ మీ బల్ల మీదికి వస్తే ఎక్కడ పెడతారు? జవాబులు లిఖితపూర్వకంగా తీసుకుని నియామక ఉత్తర్వుతో పాటు బయటపెట్టాలి. మూడో ప్రశ్నకు నచ్చని జవాబు ఇచ్చిన అధికారినే ఎంచుకుంటే ఆ ముఖ్యమంత్రికి కూడా మా మద్దతు ఉంటుంది.