గీజరు మార్చాలా, ఇంకో ఏడాది లాగాలా?

(ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఇల్లు, అద్దెకిచ్చారు. గీజరుకి 11 ఏళ్లు, ఫ్రిజ్‌కి 9.)

తమ్ముడు: వేడినీళ్లు వస్తూనే ఉన్నాయి కదక్కా. పనిచేసేదాన్ని పీకి పారేయడమేంటి?

అక్క: నిన్న వెళ్లి వేడినీళ్ల పంపు తిప్పి బకెట్ నింపాను. నీళ్లు తుప్పు రంగు. చన్నీళ్లేమో తేటగా ఉన్నాయి. పైపులన్నీ ప్లాస్టిక్‌వే కాబట్టి ఆ తుప్పు గీజరు లోపలి ట్యాంకుదే.

తమ్ముడు: కాయిల్ మార్చాం, థర్మోస్టాట్ మార్చాం. ఇదీ బాగు చేయిద్దాం.

అక్క: అవి విడి భాగాలురా, ఊడదీసి వేరేవి బిగిస్తారు. ట్యాంకు అలా కాదు. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది. ట్యాంకు తినాల్సిన తుప్పు అది తింటుంది. అది అరిగిపోతే ఇక ట్యాంకు వంతే. ఇన్నేళ్లలో మనం ఆ కడ్డీ ముఖం చూశామా? ట్యాంకుకి చిల్లు పడ్డాక అతుకులు నిలవవు. అద్దెకున్నవాళ్లు ఊళ్లో లేనప్పుడు కారిందనుకో, కింది వాళ్ల సీలింగ్ కూడా మన నెత్తినే. అప్పుడు పరుగెత్తి దొరికింది కొనేకంటే ఇప్పుడే నిదానంగా చూసి కొనొచ్చు.

తమ్ముడు: మరి ఫ్రిజ్? కరెంటు ఆదా అంటావు. బిల్లు కట్టేది వాళ్లు. పెట్టేది మనం, మిగిలేది వాళ్లకి! పైగా పాతదైతే ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. కొత్తవాటిలో బోర్డు పోతే బోర్డు మొత్తం మార్చాలంటారు.

అక్క: ఫ్రిజ్ విషయంలో నువ్వే రైటు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే ఊరికే జారి వచ్చేసింది. రబ్బరు మారిస్తే చాలు. కంప్రెసర్ పోతే మాత్రం, రిపేరు కొత్తదాని ధరలో సగం దాటితే నేనొప్పుకోను.

తమ్ముడు: రెండేళ్ల ఫ్రిజ్‌కైనా అంతేనా?

అక్క: దానికి వేరు. 9 ఏళ్లదాని గురించి చెప్తున్నా. గీజరు రిపేర్లు కలిపితే ఎంతైంది? బిల్లులు దాచావా?

తమ్ముడు: బిల్లుల మాట నువ్వెత్తకు. వాషింగ్ మెషీన్‌లో నీ వాటా ఇంకా రాలేదు.

అక్క: మీ ఇంట్లో వాడి వాడి అక్కడికి తోలిన మెషీన్‌కి కొత్తదాని రేటులో వాటానా!

తమ్ముడు: సరే, అది వదిలెయ్. వాళ్లు ఒక్కసారైనా గీజరు గురించి కంప్లైంట్ చేశారా?

అక్క: ఎలా చేస్తారు? అడిగితే అద్దె పెంచుతామేమోనని టెన్షన్. నేను వెళ్లబట్టి తెలిసింది.

తమ్ముడు: ...పాతది ఎన్ని లీటర్లు?

అక్క: 15.

తమ్ముడు: అంతే సైజు తీసుకో. రబ్బరు సంగతి నేను చూస్తా. మెషీన్ వాటా మాత్రం వదలను.