బుజ్జిగాడి పథ్యం

అయిదు కిలోల పొమేరియన్ కుక్క బుజ్జిగాడికి మూడు వారాలుగా కడుపు కుదుటపడలేదంటే డాక్టరుగారు వేసే మొదటి ప్రశ్న: "ఏం పెడుతున్నారు?" ఇల్లాలు తడుముకోకుండా చెబుతుంది, "డాగ్‌ఫుడ్ తప్ప ఇంకేమీ పెట్టమండీ." ఆవిడ అబద్ధమాడటం లేదు. పొద్దున్నే కాఫీ వేళ పడేసే మేరీ బిస్కెట్ ఆవిడ దృష్టిలో తిండే కాదు. మావగారు పేపరు చాటున అందించే రెండోదీ, చంటాడు బల్ల కిందికి దాటించే ఆమ్లెట్టూ, బామ్మగారి పెరుగన్నంలో ఆఖరి ముద్దా ఎవరి లెక్కలోనూ లేవు. బుజ్జిగాడికి రోజు మొత్తానికి కావలసింది సుమారు 350 కేలరీలు. చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదు. ఒకటిన్నర బిస్కెట్‌తో ఆ కోటా సరి.

సరే, పథ్యం. తోలూ ఎముకా లేని కోడిమాంసం ఉత్త నీళ్లలో ఉడికించి, ఒక వంతుకి రెండు వంతులు మెత్తటి అన్నం కలిపి, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. విరేచనం గట్టిపడ్డాక పాత తిండి పావు వంతుతో మొదలుపెట్టి, వారం రోజుల్లో పూర్తిగా దానికి మళ్లాలి. ఇందులో కష్టమేమీ లేదు, బామ్మగారు తప్ప. "ఉప్పూ కారం లేకుండా ఏం తింటాడే పాపం!" అంటూ అరచెంచా అల్లంవెల్లుల్లి ముద్ద వేసేస్తారు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, కడుపు సంగతి సరేసరి. బుజ్జిగాడు గిన్నె నాకేస్తాడు. మర్నాటికి కథ మొదటికొస్తుంది, నింద డాక్టరుగారి మీద పడుతుంది.

తర్వాత మలపరీక్ష. ఆ పూటది, మట్టి అంటకుండా ఒక చెంచాడు, మూత గట్టిగా పట్టే డబ్బాలో తేవాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. నిన్నటిదాకా గోంగూర పచ్చడి ఉన్న డబ్బా, అదే అరలో, పేరు రాయకుండా! జియార్డియా అనే పేగుల్లోని సూక్ష్మ పరాన్నజీవి మలంలో రోజూ కనిపించదు కాబట్టి ఒక్క రిపోర్టులో ఏమీ లేదని తేలితే చాలదు, రోజు విడిచి రోజు మూడుసార్లు ఇవ్వాలి. అంటే ఇంట్లో మూడుసార్లు గొడవ.

నులిపురుగుల మందు బరువుని బట్టి వేస్తారు. కుక్క తూకం యంత్రం మీద నిలవదు గనక దాన్ని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి తూగి తీసివెయ్యాలి. దాంతో ఇల్లాలి బరువు కూడా ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. అందుకే కొన్ని ఇళ్లలో మోతాదు అందాజాగా పడుతుంది, పురుగులు నిక్షేపంగా ఉంటాయి.

విరేచనాలు కట్టడానికి మనం వేసుకునే మాత్ర మాత్రం కుక్కకి వెయ్యకండి. వాంతులు, నల్లటి విరేచనం, నీరసం కనిపిస్తే పథ్యాలు కట్టిపెట్టి ఆ పూటే తీసుకెళ్లాలి. చిన్న ఒళ్లు, నీళ్లు ఇట్టే తగ్గిపోతాయి.

చివరికి ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటిస్తారు: ఎవరేం పెట్టినా ఇక్కడ రాయాలి. సాయంత్రానికి కాగితం తెల్లగానే ఉంది. బుజ్జిగాడు తివాచీ మీద సగం చేగోడీ కక్కాడు.