మంచినీళ్ల చెరువుకు చేపల వేలం పాట ఏంటి?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో ట్యాంకర్ల కోసం కొట్లాట, బెంగళూరులో బోర్లు ఎండిపోయాయన్న వార్తలు, అన్నిటికీ కలిపి ఒకటే కారణం: వానలు తగ్గాయి. నేను ఈ మాట ఒప్పుకోను. 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తోలారు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. అదే చెన్నై 2015 డిసెంబరులో నిండా మునిగింది. అక్కడ ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మన గోదావరి డెల్టాలో వెయ్యి దాటుతుంది గానీ అంత పడదు. పైగా తెలుగుగంగ ద్వారా 1996 నుంచి కృష్ణా నీళ్లు కూడా వెళుతున్నాయి. పళ్లికరణై చిత్తడి నేల మీద, చెరువుల మీద బిల్డింగులు లేపేసి, పడిన వానని పడినట్టే సముద్రంలోకి తోసేసిన ఊరికి నాలుగేళ్ల తర్వాత దాహం వేస్తే తప్పు మేఘానిదా?

హైదరాబాద్ సంగతి చూడండి. అసలే మెట్ట ప్రాంతం, వాన 800 మిల్లీమీటర్లు అటూ ఇటూ. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు, ఆ రెండూ దశాబ్దాలపాటు నగరానికి నీళ్లిచ్చాయి. తర్వాత మంజీరా, సింగూరు, నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, 2015 చివర్లో ఎల్లంపల్లి బ్యారేజీ నుంచి మన గోదావరి. పైపు ఇంకాస్త దూరం వెళ్లిన ప్రతిసారీ ఇంటి పక్క చెరువు ఇంకాస్త అక్కర్లేనిదైపోయింది. కుళాయిలో గోదావరి వస్తుంటే కాలనీ చివర చెరువు ఏమైందని ఎవరూ అడగరు, ఎవరూ అడక్కపోతే అక్కడ ప్లాట్లు పడతాయి. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను ఆపిన 1996 నాటి జీవో 111 ఆంక్షల్ని 2022లో ఎత్తేయడానికి దారి వేసింది కూడా ఈ ఆలోచనే.

వాతావరణ మార్పు నిజం కాదా అంటారు. నిజమే. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అత్యంత పొడిగా గడిచిన ఆగస్టు 2023దే. అనంతపురం లాంటి చోట, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో, బయటి నీళ్లు తేకపోతే జనం బతకలేరు. అక్కడికి పైపు వేయొద్దని నేననను. కానీ వాన తగ్గే రోజులు వస్తున్నాయంటే పడిన చుక్కని పట్టుకునే చెరువు విలువ పెరగాలి కదా, మనం దాన్నే ముందు వదిలేస్తున్నాం.

ఇదంతా మనకెందుకు, మనకి గోదారి ఉంది అనుకుంటున్నారేమో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మనకి నీళ్ల గురించి ఆలోచించే అలవాటే పోయింది. దాళ్వాకి, అంటే రబీ వరికి, నదిలో నీళ్లు చాలక సీలేరు నుంచి వదిలిన నీళ్ల మీద ఆధారపడుతున్నాం, వంతులు పెట్టుకుంటున్నాం, శివారు చేలకి ఆ వంతు కూడా సరిగ్గా అందడం లేదు. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు, అంటే వాటికి నీళ్లు ఆపేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా డెల్టా గొంతు తడిపేది ఊళ్లో మంచినీళ్ల చెరువే. బోరు వేద్దామా అంటే నరసాపురం, అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఉప్పునీటి మీద పల్చటి పొరగా మాత్రమే తీపినీళ్లు ఉంటాయి, గట్టిగా తోడితే కిందున్న ఉప్పు పైకి లేస్తుంది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కిందకి నీళ్లు తగ్గగానే సముద్రపు పోటు నదీపాయల్లోకి ఎగదన్నుతుంది. అలాంటి నేల మీద చెరువు పోగొట్టుకుంటే మనకి హైదరాబాద్‌కి ఉన్నట్టు ఎల్లంపల్లి కూడా లేదు.

అలాంటి చెరువుని కొన్ని పంచాయతీలు చేపలు పెంచుకోమని వేలం పాట పెడుతున్నాయి! నాకు కోపం వచ్చేది ఇక్కడే.

చెరువు పక్కనున్న ఫిల్టర్ బెడ్లు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ఇసుక గుండా నీళ్లు మెల్లగా దిగుతాయి, కొన్నాళ్లకి ఇసుక పైన పల్చగా జిగురు పొర కడుతుంది, క్రిముల్ని పట్టేది ముఖ్యంగా ఆ పొరే. అది మందమై నీళ్లు దిగడం తగ్గితే పైన అంగుళం ఇసుక గీకేసి, కడిగి, మళ్లీ పరవాలి. పారలు పట్టిన నలుగురు కూలీలు చేసే పని. ఇప్పుడు ఆ చెరువులో చేపలు వదిలి, మేత వేసి, పెంట వేస్తే ఏమవుతుంది? నాచు పెరుగుతుంది, ఇసుక త్వరగా పూడుకుపోతుంది, నెలలు ఆగాల్సిన బెడ్ వారాల్లోనే మొరాయిస్తుంది. గీకించే ఓపిక లేక నీళ్లని నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించి మీద ఇంత బ్లీచింగ్ కలిపేస్తారు. కుళాయి తిప్పితే నీచు వాసన. ఇంట్లో ఆడవాళ్లు ఆ నీళ్లు గిన్నెలకి, బట్టలకి ఉంచేసి తాగడానికి ప్లాంటు నీళ్ల టిన్ను కొని తెప్పిస్తారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు.

చుట్టూ రొయ్యల చెరువుల నీళ్లు డ్రెయిన్లలోకి, కొన్నిచోట్ల పంట కాలువల్లోకే వదులుతున్నారు, మంచినీళ్ల చెరువు నింపేది కూడా ఆ కాలువలోంచే. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద ఒక్క నిమిషం నిలబడినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇరవై లీటర్ల టిన్ను కూడా గాల్లోంచి రాదు. బోరు నీళ్లనే ప్లాంటులో వడకడతారు, టిన్నుడు నీళ్లకి దాదాపు అన్నే నీళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఉప్పు తేరి మురుగులోకి పోతాయి. ఉప్పుకి భయపడి కొనే నీళ్ల కోసం మన కిందున్న ఉప్పునే పైకి లాగుతున్నాం. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు అంటుంది, మంచిదే, కానీ కుళాయి చివర వచ్చేది చెరువులో ఉన్న నీళ్లే కదా.

అసలు జబ్బు చేపలది కాదు. ఊరి ఉమ్మడి ఆస్తి ఏది కనపడినా దాని మీద ఎంతొస్తుందనే లెక్క వేయడం అలవాటైపోయింది. శ్మశానం గట్టు, పుంత బాట, పశువుల బీడు అన్నీ అలాగే పోయాయి. పంచాయతీకి డబ్బుల్లేవు, పాట సొమ్ముతోనే వీధిలైట్లు వేస్తున్నాం అంటారు సర్పంచులు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే 15వ ఆర్థిక సంఘం 2021-26 పంచాయతీ గ్రాంటుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఇసుక గీకించడానికీ, గట్టు వేయించడానికీ అంతకంటే తగిన పద్దు ఏముంది? పాటలో వచ్చే సొమ్ము పంచాయతీ ఖాతాలో పడుతుంది, టిన్ను ఖర్చు మాత్రం ప్రతి ఇంటి జేబులోంచి రోజూ పోతోంది, ఊరంతటిదీ కలిపి ఆ రెండు లెక్కలూ ఏ పంచాయతీ అయినా పక్కపక్కన రాసి చూపించాలి.

కాలువలు కట్టేసే తేదీ ఇరిగేషన్ వాళ్లు ముందే చెబుతారు. దానికి నెల ముందు గ్రామసభ పెట్టించండి. చెరువు ఎన్ని అడుగులు నిండింది, ఇసుక ఆఖరిసారి ఎప్పుడు గీకారు, చేపల పాట ఎవరి పేరున ఉంది, ఎప్పటిదాకా ఉంది, ఈ జవాబులు సర్పంచ్, సెక్రటరీల చేత అక్కడే మినిట్స్‌లో రాయించండి, పాట రద్దు తీర్మానం కూడా ఆ కాగితం మీదే.