గ్లిట్టరు చార్టు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ చార్టు గారికి,

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చేత ప్రాజెక్టులు చేయించే మేమంతా నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని గోడలు చూస్తేనే తెలుస్తోంది. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు, నాలుగు వైపులా స్కెచ్ పెన్ను బార్డరు, మూలమూలకీ మెరుపుల పొడి, నడుమ స్టేషనరీ షాపు బొమ్మల షీటులోంచి కత్తిరించి ఫెవికాల్‌తో అంటించిన బొమ్మలు. కింద కుడి మూలన ‘నాలుగో తరగతి, బి గ్రూపు’ అని ఉంటుంది. ఆ అక్షరాలు మాత్రం నాలుగో తరగతివి కావు. అవి ఎవరింట్లో, రాత్రి ఎన్ని గంటలకు, ఏ అమ్మ చేత్తో పడ్డాయో తరగతిలో అందరికీ తెలుసు. మార్కులు వేసేవారికి కూడా తెలుసు, కానీ మార్కుల రిజిస్టరులో దాని కోసం గడి లేదు.

తమరి అవసరం మాకు తెలియనిది కాదు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పని అని ఒక గడి పెట్టారు. అది నిండాలంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. వారం రోజులు పిల్లలు ఏం గమనించారో, ఎక్కడ కీచులాడుకున్నారో తనిఖీకి వచ్చినవారికి చూపించడం కష్టం. తమరిని చూపించడం సులువు. చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే బీరువా మీద పదేళ్లు పడుంటారు. పేరు మార్చి వచ్చే ఏడాది మళ్లీ పెట్టినా పలికే నోరు కాదు.

ఫిబ్రవరి 28న తమరి వైభోగం చూడాలి. 1928లో ఆ రోజున శాస్త్రవేత్త సి.వి. రామన్ కాంతి గురించి కనిపెట్టిన ‘రామన్ ఎఫెక్టు’ను గుర్తు చేసుకుంటూ జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుతాం. ఆయన 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రాన్ని చూసి, ఇంత నీలం ఎక్కడిదని తల బద్దలు కొట్టుకున్న మనిషి. ఆయన తలపాగా ఫోటో తమరి మీద ముచ్చటగా ఉంటుంది. అదే పూట ఒక పిల్లాడు లేచి, ‘సార్, మన చెరువు పచ్చగా ఎందుకుంది?’ అని అడిగితే, ‘ముందు బార్డరు సరిగ్గా గియ్యరా’ అంటాం.

అయినా తమరితో అసలు పేచీ బార్డరు గురించి కాదు. తమరు ఎప్పుడూ జవాబుతోనే మొదలవుతారు. అదీ తగవు. ఒక పెసర గింజ సంగతి విన్నవించుకుంటాం, చిత్తగించండి.

మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడి అనుకోండి. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే కాబట్టి ఇలాంటి గదులు కోకొల్లలు. గదిలో 20 మంది పిల్లలు. ప్రశ్న: గింజ మొలకెత్తడానికి వెలుతురు కావాలా? ఈ ప్రశ్న కూడా ఊరికే ఊడిపడదు. పిల్లలు మొదట అడిగేవి ‘అంత చిన్న గింజలో చెట్టెలా పడుతుంది?’ లాంటివి. అవి గొప్ప ప్రశ్నలే, కానీ గ్లాసులో పెట్టి చూడగలిగేవి కావు. ‘ఎందుకు’ను ‘ఏది ముందు’, ‘ఎన్ని’, ‘ఎంత పొడుగు’ వైపు మెల్లగా మళ్లించడమే మా మొదటి పని. దానికి ఒక పీరియడంతా పడుతుంది. తమరైతే ఆ పీరియడులో హెడ్డింగుకు నీడలు కూడా వేయించేసేవారు.

తర్వాత అంచనా. ‘వెలుతురు కావాలనే వాళ్లు చేతులెత్తండి’ అంటే పని చెడినట్టే. క్లాసు లీడరు చెయ్యి లేవగానే మిగతా చేతులన్నీ లేస్తాయి. అందుకని ఎవరి చీటీ వాళ్లు రాసి డబ్బాలో వేయాలి. చాలామంది ‘కావాలి’ అనే రాస్తారు, ఎందుకంటే మొక్కకు ఎండ కావాలని పుస్తకంలో ఉంది. ఆ చీటీలు దాచాలి, దిద్దకూడదు.

ఇక సరుకు. గుంపుకు నలుగురు, అయిదు గుంపులు. ఒక్కో గుంపుకు రెండు కాగితం టీ గ్లాసులు, ఒక్కో గ్లాసులో పది పెసలు. మొత్తం వంద గింజలు, గుప్పెడు కూడా కావు. పొట్టు ఉన్న నిండు పెసలే కావాలి. ఇంట్లో పెసరపప్పు ఉంది కదా అని పంపేవాళ్లు ఉంటారు. పప్పు మొలవదు. ముందు రోజు రాత్రి నానబెట్టాలి, గ్లాసు అడుగున పిన్నుతో రెండు మూడు చిల్లులు పొడవాలి, మట్టి నింపి ఒక వేలి గణుపు లోతున నాటాలి. ఐదో తరగతి పిల్లలు బలం చూపించడానికి గింజను గ్లాసు అడుగుదాకా నొక్కేస్తారు, అది పైకి రాదు. రోజుకు నీళ్ల సీసా మూతతో రెండు మూతల నీళ్లు, అన్ని గ్లాసులకూ ఒకే మూత. ఒక గ్లాసు కిటికీ పక్కన, రెండోది చెప్పుల డబ్బా కింద.

ఆ చెప్పుల డబ్బా దగ్గరే సగం ప్రాజెక్టులు దెబ్బతింటాయి. డబ్బాను పడుకోబెడితే లోపల పట్టుమని నాలుగు వేళ్ల జాగా కూడా మిగలదు. మొలక పైకి పోయి మూతకు తగిలి వంకర తిరుగుతుంది, పిల్లలు ‘చీకటికి వంకర పోయింది’ అని రాసేస్తారు. నిలబెట్టి బోర్లించాలి. మూసి ఉంచితే తేమ ఆరదు కాబట్టి కిటికీ దగ్గరి గ్లాసుకు సరిపోయిన రెండు మూతల నీళ్లు ఇక్కడ ఎక్కువై గింజ కుళ్లుతుంది. రెండింటికీ సమానంగా పోశాం కదా అని పిల్లలు వాదిస్తారు. అప్పుడు నీళ్లు సమానంగా పోయాలా, మట్టి తడి సమానంగా ఉండాలా అన్న తగువు పుడుతుంది. ఎనిమిదేళ్ల వాళ్లు తెగని తగువు పడుతుంటే మధ్యలో దూరి తీర్పు చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో తమరికి తెలియదు. తమరి దగ్గర తగువులుండవు, తీర్పులే.

ఇంకొకటి. పిల్లలు ఆగలేరు. గంటకోసారి డబ్బా ఎత్తి తొంగి చూస్తారు, మట్టి గీరి గింజ లేచిందా అని చూస్తారు. వద్దని కసిరితే దొంగతనంగా చూస్తారు. మందేమిటంటే తొంగిచూసే గ్లాసు ఒకటి విడిగా పెట్టాలి. గాజు గ్లాసులో తడి న్యూస్‌పేపరు చుట్టి, కాగితానికీ గాజుకూ మధ్య నాలుగు గింజలు దోపితే వేరు దిగడం, తొక్క ఊడటం కళ్ల ముందే కనిపిస్తాయి. దాన్ని ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. లెక్కకొచ్చే గ్లాసుల జోలికి మాత్రం కొలిచే వేళ తప్ప ఎవరూ పోకూడదు.

కొలవడమూ అంత తేలిక్కాదు. ఒక గుంపు స్కేలును సున్నా నుంచి పెడుతుంది, పక్క గుంపు ఒకటి నుంచి పెడుతుంది, ఇంకొకరు స్కేలు అంచు నుంచే మొదలెడతారు. మూడు గుంపుల మొక్కలూ ఒకటే అయినా అంకెలు మూడు రకాలు. వంగిన మొలకకు దారం ఆనించి, ఆ దారాన్ని స్కేలు మీద పరచాలి. ఇంకా నయం, మొక్క ఎంత ఉందో అంత కాగితం ముక్క కత్తిరించి తేదీ వేసి వరసగా అంటించడం. మూడో తరగతి పిల్లకు సెంటీమీటర్లు రాకపోయినా పర్వాలేదు, వారం తిరిగేసరికి ఆ ముక్కలే గ్రాఫు అయి కూర్చుంటాయి. చార్టు గారూ, తమరి మీద ఇంతవరకు ఎవరూ అలాంటి ముక్కలు అంటించలేదేమో. అంటించినా అవి ఎగుడుదిగుడుగా ఉన్నాయని పీకి పారేసి ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నాలుగైదు రోజులు గడిచాక డబ్బా ఎత్తితే, లోపలి మొలకలు కిటికీ పక్కన ఉన్న వాటికంటే బాగా పొడుగ్గా ఉంటాయి. పసుప్పచ్చగా పాలిపోయి, కాడ సన్నగా, ఆకులు సరిగ్గా విచ్చుకోకుండా ఉంటాయి. కానీ పొడుగే. పిల్లలు ‘చీకటి గెలిచింది సార్!’ అని అరుస్తారు. పుస్తకం ప్రకారం గెలవాల్సింది వెలుతురు. చాలా బడుల్లో సరిగ్గా ఇక్కడే రబ్బరు బయటికొస్తుంది. ‘ఏదో తేడా జరిగింది’ అని అంకెలు చెరిపి, తమరి మీద ‘మొక్కకు సూర్యరశ్మి అవసరం’ అని మెరుపుల పొడితో రాయిస్తారు. తేడా ఏమీ జరగలేదు. గింజ దళాల్లో దాచుకున్న తిండితో మొలకెత్తింది, వెలుతురు వెతుక్కుంటూ ఆ తిండినంతా పొడుగు పెరగడానికే ఖర్చు పెట్టింది. ఆ నిల్వ అయిపోయాక తలవాల్చేస్తుంది. పుస్తకం చెప్పిందీ నిజమే, పిల్లలు చూసిందీ నిజమే. రెండూ ఎలా పొసుగుతాయో తేలాలంటే ఇంకో వారం ఆగి చూడాలి. తమరేమో శనివారానికల్లా గోడెక్కాలి.

ఈ ఘట్టంలో టీచరు ముఖమే పెద్ద గండం. పిల్లలు గ్లాసును చూడటం మానేసి సార్ కనుబొమలు చూస్తారు. కనుబొమ లేస్తే జవాబు మార్చేస్తారు. ‘కరెక్టేనా?’ అని వాళ్లడిగితే ‘నువ్వేం చూశావు? పక్క గుంపు ఏం చూసింది?’ అని తిప్పి అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1960లు, 70లలో తరగతి గదుల మాటల్ని టేపుల్లో రికార్డు చేసి విన్నారు. టీచర్లు ప్రశ్న వేశాక ఒక సెకనైనా ఆగడం గగనమే అని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని తేల్చారు. ‘ఒకటి, రెండు, మూడు’ అని మనసులో లెక్కపెట్టుకోవడం తప్ప మాకు వేరే ట్రైనింగు అక్కర్లేదు. ఆ మూడు సెకన్లు మాత్రం మాకు మూడు గంటల్లా ఉంటాయి.

గుంపులో నలుగురే ఎందుకంటే, అయిదో వాడు గోడకు చేరబడతాడు. కొలిచేవారు, రాసేవారు, నీళ్లూ సామానూ చూసేవారు, పక్క గుంపుకు వెళ్లి చెప్పేవారు. ఈ పనులు రోజూ చేతులు మారాలి. వదిలేస్తే దస్తూరి బాగున్న అమ్మాయి ఏడాది పొడుగునా రాస్తూనే ఉంటుంది, స్కేలు మాత్రం అబ్బాయి చేతిలోంచి కదలదు. కలిసి చేయడమంటే తమరి దృష్టిలో ఒకరు బొమ్మ, ఒకరు రంగు, ఒకరు అక్షరాలు అని పంచుకోవడం. ఇక్కడ కలవాల్సింది అంకెలు. ఒక గుంపు చీకటి గ్లాసులో పదికి ఆరే మొలిచాయనుకోండి, అది చీకటి తప్పా, పుచ్చు గింజల తప్పా చెప్పలేం. అయిదు గుంపులవీ కలిపితే వెలుతురులో యాభై, చీకట్లో యాభై. అప్పుడు చూస్తే మొలిచిన లెక్క రెండు వైపులా ఇంచుమించు ఒకటే అని పిల్లలే గుర్తుపడతారు. మొలకెత్తడం వేరు, పచ్చగా పెరగడం వేరు అన్న ముక్క అక్కడ వాళ్ల నోటి నుంచే వస్తుంది. చెప్పి రాయిస్తే వారంలో మరిచిపోయే ముక్క అది.

ఇదేదో మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లలో మొదలైన విజ్ఞాన కార్యక్రమంలో పల్లెటూరి పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేసి, తమ జవాబులు తామే రాసుకున్నారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా ఊళ్లో సమస్యను పిల్లలే పరిశోధించాలంటుంది, అయితే అది పదేళ్లు నిండినవారికి. అంతకన్నా చిన్నవాళ్లకు దిక్కు తమరే. ‘గుడ్ మార్నింగ్ సార్, మై ప్రాజెక్ట్ నేమ్ ఈజ్...’ అని ఏడేళ్ల పిల్ల ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. మధ్యలో ‘గింజలెన్ని చచ్చిపోయాయమ్మా?’ అని అడిగితే మళ్లీ గుడ్ మార్నింగ్ నుంచి మొదలెడుతుంది.

కాబట్టి కొన్ని మనవులు. తమరు మొదటి రోజున రావద్దు, ఎనిమిదో రోజున దయచేయండి. వచ్చేటప్పుడు మెరుపుల పొడి తేవద్దు, పెన్సిలు చాలు. ఎగుడుదిగుడు కాగితం ముక్కలు, అంచనా చీటీలు, కుళ్లిపోయిన గింజల లెక్క, పిల్లలకు ఇంకా అర్థంకాని ఒక ప్రశ్న, ఇవి మోయడానికి ఒప్పుకోండి. కొట్టివేతలు కూడా మోయాలి. ‘చీకటి గెలిచింది’ అన్నది అలాగే ఉంచి, కింద పిల్లలు తర్వాత ఏం తేల్చుకున్నారో వాళ్ల దస్తూరీతోనే రాయనివ్వండి. తప్పు స్పెల్లింగు చూసి తమరి పరువు పోతుందనుకుంటే, రెండో వైపు తెల్లగానే ఉంటుంది కదా, తనిఖీ రోజున తిరగబడండి.

ఇట్లు,
తమరి విధేయులు,
పెసలు నానబెట్టేవారు

తా.క.: గోడ మీద తమరు సీలింగు ఫ్యాను ఎత్తున కూర్చోవడం ఆనవాయితీ. మూడో తరగతి పిల్లల తల సుమారు నాలుగు అడుగుల దగ్గర ఉంటుంది. నేల నుంచి మూడడుగుల ఎత్తులో అతికించమని చెప్పండి. మైదా జిగురు మాత్రం వద్దు, బొద్దింకలు అంకెలతో సహా తినేస్తాయి.