గింజలో గుచ్చిన సూది, కెన్యాలో ఎండిన పైరు

“ప్రయోగశాలల్లో మొక్కజొన్న గింజలకు సూదులతో వైరస్ ఎక్కిస్తున్నారు, కెన్యా పొలాలు ఎండిపోయింది ఆ విత్తనాల వల్లే, ఆ మొక్కజొన్న తిన్నవారికీ రోగం వస్తుంది” అనే సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఇందులో మొదటి మాట నిజం, మిగతావి నిజం కావు.

సూది పద్ధతిని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకుడు రేమండ్ లూయీ 1995లో ప్రచురించారు. కొన్ని వైరస్‌లు ఆకుపై రుద్దితే మొక్కకు అంటుకోవు కనుక, నానిన గింజపై వైరస్ ఉన్న రసపు చుక్క ఉంచి, మొలక దగ్గరి నాళాలను సన్నని సూదులతో పొడుస్తారు. ఏ వంగడం తెగులును తట్టుకుంటుందో తేల్చుకోవడానికే ఈ శ్రమంతా. పొడిచేది ఒక్కొక్క గింజనే. కిలోకు సుమారు 3,000 గింజలు, హెక్టారుకు 20 కిలోలు అనుకున్నా, ఒక్క హెక్టారుకే 60,000 గింజలను గుచ్చాలి. నానిన గింజను సంచిలో కట్టి అమ్మడం కుదరదన్నది ఏ రైతుకైనా తెలిసిందే.

కెన్యాలో 2011లో బోమెట్ ప్రాంతంలో బయటపడిన, మొక్కజొన్న పైరును ఎండబెట్టే మెయిజ్ లీథల్ నెక్రోసిస్ తెగులు ఒకే ఒక్క వైరస్ పని కాదు. మెయిజ్ క్లోరోటిక్ మాటిల్ వైరస్, చెరకు మొజాయిక్ వైరస్ కలిసి సోకినందువల్ల పైరు ఎండింది. మొదటిదాన్ని తామర పురుగులు, కొన్ని రకాల పెంకు పురుగులు, రెండోదాన్ని పేనుబంక మోస్తాయి. ఈ రెండు వైరస్‌లూ ఆకుపై రుద్దినా మొక్కకు అంటుకుంటాయి, కాబట్టి వీటికి సూదితో అవసరమే లేదు. పైగా క్లోరోటిక్ మాటిల్ వైరస్ ఇదే తరహా జంట తెగులును అమెరికాలోని కాన్సస్‌లో 1976లోనే కలిగించింది. అప్పటికి లూయీ పద్ధతి రావడానికి ఇంకా 19 ఏళ్లుంది.

విత్తనం ద్వారా క్లోరోటిక్ మాటిల్ వైరస్ అసలు రాదని ఎదురువాదన చేస్తే అదీ తప్పే అవుతుంది. 1991లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 42,000 మొలకలకు 17 మొలకల్లో అది కనిపించింది. ఇది అత్యల్పమే అయినా, వైరస్ లేని కొత్త ప్రాంతానికి తెగులు చేరడానికి ఆ కొద్దిపాటి మొక్కలు, వాటిపై వాలే పురుగులు చాలు. విత్తన పరీక్షలు అడగడానికి ఇది సరైన కారణం, కుట్రకు సాక్ష్యం మాత్రం కాదు.

తినడం సంగతికొస్తే, ఈ వైరస్‌లు మనుషులకు సోకవు. అయితే తెగులు సోకిన కంకులకు బూజు పట్టవచ్చు. ఆ బూజు విడుదల చేసే విషాలు మనుషులకూ పశువులకూ హానికరం కనుక, అలాంటి కంకులను పారేయాలి.